సెల్ ఫోను – మన జాగ్రత్తలు



మన ఏజాక్స్ పట్టణానికి ఆ పేరు ఎలా వచ్చిందో మీలో కొందరికి తెలిసే ఉంటుంది. 1939 డిసెంబరు 13న దక్షిణ అమెరికా తీరంలో, ప్లేట్ నది సముద్రంలో కలిసే చోట, ఒక నౌకాయుద్ధం జరిగింది. అందులో పోరాడిన బ్రిటిషు యుద్ధనౌకలలో ఒకదాని పేరు ఏజాక్స్. 1941లో ఇక్కడ, ఒంటారియో సరస్సుకు దగ్గరగా, అంతవరకు పొలాలుగా ఉన్న నేలమీద ఫిరంగి గుండ్లలో మందు నింపే పెద్ద కర్మాగారం వెలిసింది. దాని చుట్టూ పుట్టిన ఊరికి ఆ నౌక పేరు పెట్టారు. యుద్ధం ముగిసేలోగా ఆ కర్మాగారంలో సుమారు నాలుగు కోట్ల గుండ్లు తయారయ్యాయి. అక్కడ పనిచేసినవారిలో స్త్రీలు వేలమంది.

మందు నింపే చోట ఒక్క నిప్పురవ్వ చాలు, అంతా బూడిద కావడానికి. అందుచేత అటువంటి కర్మాగారాలలోకి ఎవరూ అగ్గిపెట్టె జేబులో వేసుకొని పోకూడదు. ఆ పనివారు మందుకు భయపడి పని మానుకోలేదు. దాని గుణం తెలుసుకొన్నారు. నియమం తప్పకుండా నడుచుకొన్నారు.

ఆ కర్మాగారం ఇప్పుడు లేదు. కాని నిప్పును కడుపులో దాచుకొన్న చిన్న వస్తువు ఒకటి నేడు మన ఊరిలో ఇంచుమించు ప్రతి ఇంట్లోనూ ఉన్నది. అమ్మ చేతిసంచిలో ఉన్నది; నాన్నగారి జేబులో ఉన్నది; రాత్రివేళ అన్నయ్య దిండు పక్కన కూడా ఉన్నది. అదే సెల్ ఫోను. దాని గుణం ఏమిటో, దానితో ఎలా మెలగాలో ఈ పాఠంలో తెలుసుకొందాం.

ఫోను కథ

టెలిఫోనుకు, మన ఒంటారియోకు దగ్గరి చుట్టరికం ఉన్నది. అలెగ్జాండర్ గ్రాహంబెల్ కుటుంబం ఈ రాష్ట్రంలోని బ్రాంట్‌ఫర్డ్ ఊరిలో నివసించింది. 1876 ఆగస్టు 10న ఆ ఊరినుండి పారిస్ అనే పక్క ఊరివరకు తీగమీద మాట పంపించి, దూరంగా ఉన్నవారు కూడా వినవచ్చునని బెల్ నిరూపించాడు. ఆ పారిస్ కూడా ఒంటారియోలోనిదే. ఫ్రాన్సు రాజధాని కాదు.

తీగ లేకుండా చేత పట్టుకొని మాట్లాడే ఫోనును 1973 ఏప్రిల్ 3న న్యూయార్కు వీధిలో నిలబడి మార్టిన్ కూపర్ అనే ఇంజనీరు మొదటిసారి వాడి చూపాడు. దాని బరువు ఒక కిలోకు పైమాటే. భారతదేశంలో మొదటి సెల్ ఫోను సంభాషణ 1995 జూలై 31న జరిగింది. నేడు అదే ఫోను అరచేతిలో ఇమిడిపోతున్నది. ఏజాక్స్‌లో కూర్చుండి విజయవాడలోని అమ్మమ్మగారి ముఖం చూస్తూ మాట్లాడుతున్నాం. ఇంత మేలు చేసే వస్తువును వద్దనుకోవలసిన పని లేదు. జాగ్రత్తగా వాడుకొంటే చాలు.

కడుపులోని నిప్పు

ఫోనుకు బలం ఇచ్చేది బ్యాటరీ. ఇప్పటి ఫోనులలో ఉండేది లిథియం అయాన్ బ్యాటరీ. దీనిని 1991లో మొదటిసారి అంగడిలోకి తెచ్చారు. దీనిని రూపొందించినందుకు గుడినఫ్, విటింగ్‌హామ్, యోషినో అనే ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2019లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

ఈ బ్యాటరీలో రెండు పలుచని పొరలు చాపచుట్టలా చుట్టి ఉంటాయి. ఒకటి ధనధ్రువం, రెండవది ఋణధ్రువం. వాటి మధ్య తల వెంట్రుక కన్న పలుచని ప్లాస్టిక్ తెర ఉంటుంది. వీటిని తడిపే ద్రవం ఒకటి ఉంటుంది. మనం ఛార్జి పెట్టినప్పుడు లిథియం కణాలు ఈ తెర గుండా ఒక వైపు పోతాయి. ఫోను వాడినప్పుడు తిరిగి రెండవ వైపు వస్తాయి.

ఇక్కడ మీరు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. ఒకటి, ఆ ద్రవం మండే స్వభావం కలది. రెండు, ఆ తెర చిరిగితే రెండు ధ్రువాలు ఒకదానికొకటి తగులుతాయి. అప్పుడు వేడి పుడుతుంది. ఆ వేడికి లోపలి పదార్థాలు విడిపోయి ఇంకా వేడి పుట్టిస్తాయి. వేడి వేడిని పెంచుతుంది. కొద్ది క్షణాలలో పొగ, తరువాత మంట వస్తాయి. ఫోనును కింద పడవేయడం, దానిమీద కూర్చోవడం, సూదితోనో కత్తితోనో దానిని విప్పబోవడం ఎందుకు తప్పో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

పెద్ద సంస్థలు చేసిన బ్యాటరీలలోనూ లోపం రావచ్చు. 2016లో శాంసంగ్ సంస్థ గెలాక్సీ నోట్ 7 అనే ఫోనును విడుదల చేసింది. కొన్ని ఫోనులు వాటంతట అవే అంటుకొన్నాయి. సంస్థ సుమారు 25 లక్షల ఫోనులను వెనుకకు పిలిచింది. బదులుగా ఇచ్చినవాటిలో కూడా కొన్ని కాలడంతో ఆ సంవత్సరం అక్టోబరులో తయారీనే మానివేసింది. ఆ ఫోనుతో విమానం ఎక్కకూడదని కెనడా ప్రభుత్వం ఆజ్ఞ జారీ చేసింది. పరీక్షలు జరిపి చూడగా లోపం బ్యాటరీలోనే ఉన్నదని తేలింది. ఒక రకంలో మూల దగ్గర పొర వంగి ఉన్నది. మరొక రకంలో అతుకు దగ్గర సన్నని మొన మిగిలి ఉన్నది. ఆవగింజంత లోపానికి అంత పెద్ద నష్టం!

బ్యాటరీ చెడిపోతున్నదని చెప్పే గుర్తులు కొన్ని ఉన్నాయి. ఫోను వీపు ఉబ్బడం, అద్దం పైకి లేవడం, పట్టుకోలేనంత వేడెక్కడం, ఘాటైన వింత వాసన రావడం. వీటిలో ఏది కనిపించినా ఛార్జి పెట్టకూడదు; ఉబ్బినచోట నొక్కకూడదు. వెంటనే ఇంట్లో పెద్దలకు చెప్పాలి. పొగ గాని మంట గాని వస్తే దానిని చేతితో తీయబోవద్దు. అందరినీ పిలుచుకొని, తలుపు మూసి, బయటికి వచ్చి 911కు ఫోను చేయాలి. ఫోను పోతే మరొకటి కొనుక్కోవచ్చు.

పాత ఫోనును, పాత బ్యాటరీని చెత్తబుట్టలో గాని, కాగితాలు వేసే నీలి పెట్టెలో గాని వేయరాదు. చెత్తబండిలో నలిగినప్పుడు అవి అంటుకొంటాయి. బ్యాటరీలు తీసుకొనే కేంద్రాలకు వాటిని అప్పగించాలి.

ఛార్జరు, తీగ

“గుర్రానికి తగిన కళ్లెం” అన్నట్లు ఫోనుకు తగిన ఛార్జరు ఉండాలి. గోడ సాకెట్టులోని విద్యుత్తు బలమైనది. ఛార్జరు దానిని ఫోనుకు సరిపడినంతగా తగ్గించి పంపుతుంది. నాసిరకపు ఛార్జరులో ఈ తగ్గించే భాగం సరిగా ఉండదు. అప్పుడు ఫోను కాలవచ్చు. పట్టుకొన్నవారికి షాకు తగలవచ్చు.

మీ తాతయ్యగారు హైదరాబాదునుండి వచ్చారనుకొందాం. వారి ఛార్జరును ఇక్కడ వాడవచ్చునా? తొందరపడక ఛార్జరు వీపుమీద చిన్న అక్షరాలతో రాసినది చదవండి. భారతదేశంలో ఇంటి విద్యుత్తు 230 వోల్టులు; కెనడాలో 120 వోల్టులు. ఛార్జరుమీద “100–240” అని ఉంటే అది రెండు దేశాలలోనూ పనిచేస్తుంది. ప్లగ్గు పిన్నుల ఆకారం మాత్రమే వేరు. అందుకు ఒక మారుప్లగ్గు కావాలి. మారుప్లగ్గు పిన్నులను మారుస్తుందే గాని వోల్టులను మార్చదు. ఇక్కడి 120 వోల్టుల మిక్సీని తీసుకొనిపోయి గుంటూరులో మారుప్లగ్గుతో పెడితే అది మాడిపోతుంది. మీ ఇంట్లో అమ్మకు ఈ సంగతి బాగా తెలుసు, అడిగి చూడండి.

ఒంటారియోలో అమ్మే విద్యుత్ వస్తువులమీద గుర్తింపు పొందిన పరీక్షా సంస్థ ముద్ర ఉండాలి. సి.ఎస్.ఏ. అన్న ముద్ర అందులో ఒకటి. చవకగా వచ్చిందని ముద్ర లేని ఛార్జరును కొనరాదు.

ఛార్జి పెట్టేటప్పుడు పాటించవలసినవి ఇవి:

1. ఫోనును బల్లవంటి గట్టి చోట ఉంచాలి. దిండు కింద, దుప్పటి లోపల, సోఫా సందులో పెట్టకూడదు. అక్కడ వేడి బయటికి పోవడానికి దారి ఉండదు.
2. తీగ తొడుగు చిరిగి లోపలి రాగి కనిపిస్తే ఆ తీగను మానివేయాలి. దానికి టేపు చుట్టి వాడరాదు.
3. తడిచేతితో ప్లగ్గును ముట్టుకోరాదు. స్నానాల గదిలో ఛార్జి పెట్టరాదు. ఛార్జిలో ఉన్న ఫోను నీటితొట్టిలో పడితే ప్రాణాపాయం.
4. ప్లగ్గును తీసేటప్పుడు తీగను లాగరాదు. ప్లగ్గును పట్టి తీయాలి.
5. తలుపుకు అడ్డంగా, కాళ్లకు తగిలేటట్లు తీగ వేయరాదు. ముసలివారు తట్టుకొని పడతారు.

ఫోను నీటిలో పడితే చాలామంది దానిని బియ్యం డబ్బాలో పెడతారు. మన ఇళ్లలో బియ్యానికి కొదువ లేదు కదా! కాని ఇది మంచి పద్ధతి కాదు. బియ్యపు పొడి, నూకలు రంధ్రాలలోకి పోయి ఇంకా చెరుపు చేస్తాయి. ఒక ఫోను సంస్థ 2024లో ఈ సంగతిని స్పష్టంగా ప్రకటించింది కూడా. ఫోనును ఆపి, గుడ్డతో తుడిచి, రంధ్రం కిందికి ఉండేటట్లు పట్టి మెల్లగా తట్టి, గాలి తగిలే చోట ఆరబెట్టాలి. పూర్తిగా ఆరేవరకు ఛార్జి పెట్టకూడదు.

చలి, ఎండ

మన ఊరి చలి మీకు తెలియనిది కాదు. జనవరి, ఫిబ్రవరి నెలలలో కొన్ని రోజులు సున్నాకు 20 డిగ్రీల కిందికి దిగుతుంది. అప్పుడు బస్సుకోసం నిలబడితే, సగం ఛార్జి ఉన్న ఫోను కూడా ఉన్నట్టుండి ఆగిపోవడం మీరు చూచి ఉంటారు. ఎందువల్ల? చలికి బ్యాటరీలోని ద్రవంలో లిథియం కణాల కదలిక మందగిస్తుంది. ఫోనుకు కావలసినంత బలం అందదు. వెచ్చబడిన తరువాత మళ్లీ పనిచేస్తుంది. అందుచేత చలిలో ఫోనును పైకోటు లోపలి జేబులో, ఒంటి వేడి తగిలేటట్లు ఉంచుకోవాలి.

చల్లగా గడ్డకట్టిన ఫోనుకు వెంటనే ఛార్జి పెట్టకూడదు. సున్నా డిగ్రీల కింద ఛార్జి పెడితే లిథియం లోపలికి ఇంకక పొరమీద లోహంగా పేరుకొంటుంది. అది సూదులవలె పెరిగి, ఇంతకు ముందు చెప్పుకొన్న తెరను గుచ్చవచ్చు. ఇంట్లోకి రాగానే కళ్లద్దాలకు ఆవిరి పట్టినట్లు ఫోనుకు కూడా తడి పడుతుంది. కాసేపు ఆగి, అది గది వేడికి వచ్చిన తరువాతనే ఛార్జి పెట్టాలి.

ఎండ కూడా కీడే. జూలై మధ్యాహ్నం సరస్సు ఒడ్డున కారు నిలిపి, అద్దాలు మూసి, ఫోనును లోపల వదలిపోతే అది పొయ్యిమీద పెట్టినట్లే. చాలా ఫోనులు 35 డిగ్రీల వరకు ఉన్న చోట వాడడానికి చేసినవి. మూసిన కారులో వేడి అంతకన్న ఎంతో ఎక్కువ. వేడెక్కిన ఫోనును నీడలో ఉంచాలి. తొందరగా చల్లబడాలని ఫ్రిజ్జులో పెట్టరాదు.

ప్రయాణంలో పవర్ బ్యాంకు

సెలవులకు మనలో చాలామందిమి పియర్సన్ విమానాశ్రయం నుండి ఇండియాకు పోతాం. దారిలో ఫోను ఆగిపోకుండా పవర్ బ్యాంకు తీసుకొనిపోతాం. పవర్ బ్యాంకు కూడా ఒక లిథియం బ్యాటరీయే. ఫోనులోనిదానికన్న పెద్దది. అందుకే దానిని సామాను పెట్టెలో పెట్టి అప్పగించకూడదు, చేతిసంచిలోనే ఉంచుకోవాలి. ఎందుకంటే విమానం అడుగున సామాన్ల గదిలో అది అంటుకొంటే చూచేవారెవరూ ఉండరు. మన దగ్గర ఉంటే పొగ రాగానే సిబ్బంది చూచి ఆర్పగలరు.

2025 జనవరి 28న దక్షిణ కొరియాలోని గిమ్హే విమానాశ్రయంలో ఎయిర్ బుసాన్ విమానం ఒకటి ఎగరబోయే ముందు నేలమీదనే కాలిపోయింది. తలలపైన సామాన్లు పెట్టే అరలో మంట మొదలైంది. అక్కడ ఉన్న పవర్ బ్యాంకు కారణమై ఉండవచ్చునని దర్యాప్తు చేసినవారు తెలిపారు. అదృష్టవశాత్తు లోపల ఉన్న 176 మందీ ప్రాణాలతో బయటపడ్డారు. అది ఆకాశంలో జరిగి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి.

పవర్ బ్యాంకు ఎంత పెద్దదైనా తీసుకొనిపోవచ్చునా? వీలులేదు. 100 వాట్-అవర్లు దాటకూడదు. దాటితే, 160 వరకు విమానసంస్థ అనుమతి కావాలి. దీనికి ఒక చిన్న లెక్క ఉన్నది. పవర్ బ్యాంకుమీద మిల్లీ ఆంపియర్-అవర్లు రాసి ఉంటాయి. ఆ సంఖ్యను 1000తో భాగించి, వోల్టులతో గుణించాలి. ఈ బ్యాటరీల వోల్టు సాధారణంగా 3.7.

ఉదాహరణ: 20,000 మిల్లీ ఆంపియర్-అవర్ల పవర్ బ్యాంకు.
20,000 ÷ 1000 = 20
20 × 3.7 = 74 వాట్-అవర్లు.
ఇది 100 కన్న తక్కువ, కాబట్టి తీసుకొనిపోవచ్చును.

చెవికి పెట్టుకొనేవి

ఫోను చెడితే మరమ్మతు ఉన్నది. చెవి చెడితే లేదు. మన లోపలి చెవిలో నత్తగుల్లవంటి భాగం ఒకటి ఉన్నది. దానిలో సుమారు 16 వేల సన్నని రోమకణాలు ఉంటాయి. ధ్వని వచ్చినప్పుడు ఇవి గాలికి వరిచేను ఊగినట్లు ఊగి, మెదడుకు కబురు పంపుతాయి. ధ్వని మితిమీరితే అవి వంగి విరిగిపోతాయి. కోసిన వరి మళ్లీ నాటితే పెరుగుతుంది గాని మనిషి చెవిలో పోయిన ఈ కణాలు మళ్లీ పుట్టవు.

ధ్వనిని డెసిబెల్‌లలో కొలుస్తారు. పెద్దలకు 80 డెసిబెల్‌లు, పిల్లలకు 75 డెసిబెల్‌లు – వారానికి 40 గంటలకు మించకుండా – అని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు పెట్టింది. ధ్వని 3 డెసిబెల్‌లు పెరిగితే వినదగిన కాలం సగానికి తగ్గుతుంది. అనగా పిల్లలు 78 వద్ద 20 గంటలు, 81 వద్ద 10 గంటలు మాత్రమే వినవచ్చును. ఫోనును పూర్తిగా హెచ్చిస్తే చెవిలో 100 డెసిబెల్‌లు కూడా దాటవచ్చు. కాబట్టి సగానికి కొంచెం పైవరకే ధ్వని పెట్టుకోండి. గంటకొకసారి చెవికి విశ్రాంతి ఇవ్వండి. చెయ్యి చాచినంత దూరంలో నిలబడినవారి మాట మీకు వినబడకపోతే ధ్వని ఎక్కువైనట్లే.

ఇంట్లో చంటిపిల్లలు ఉంటే మరొక జాగ్రత్త. తాళపుచెవులకు తగిలించే జాడ తెలిపే బిళ్లలలో, చిన్న చిన్న రిమోటులలో బొత్తామువంటి బ్యాటరీలు ఉంటాయి. చంటిపిల్లలు వాటిని మింగితే గొంతులో ఇరుక్కొని రెండు గంటలలోనే లోపల కాల్చివేస్తాయి. అటువంటివాటిని వారికి అందకుండా దాచాలి. మింగినారని అనుమానం వస్తే క్షణం ఆగకుండా ఆసుపత్రికి పోవాలి.

వీధిలో, కారులో, బడిలో

ఏజాక్స్‌లో కింగ్‌స్టన్ రోడ్డు వంటి పెద్ద దారులను దాటేటప్పుడు కళ్లు ఫోనుమీద, చెవులు పాటమీద ఉంటే కారు వచ్చే సంగతి ఎవరు చూస్తారు? దాటే ముందు ఫోను జేబులోకి పోవాలి. చెవులు ఖాళీగా ఉండాలి. రైలు స్టేషనులో పసుపుగీతకు వెనుక నిలబడినప్పుడు కూడా ఇదే నియమం.

ఒంటారియోలో కారు నడుపుతూ ఫోను చేత పట్టుకోరాదన్న చట్టం 2009 అక్టోబరు 26 నుండి అమలులో ఉన్నది. ఎర్రదీపం దగ్గర ఆగి ఉన్నా ఈ చట్టం వర్తిస్తుంది. మొదటిసారి నేరం రుజువైతే వెయ్యి డాలర్ల వరకు జరిమానా, మూడు రోజులపాటు లైసెన్సు నిలుపుదల ఉంటాయి. నాన్నగారు కారు నడుపుతుండగా ఫోను మోగితే, “నాన్నా, మీరు దారి చూడండి. నేను మాట్లాడతాను” అని మీరు తీసుకోండి. ఇది పెద్దలకు బుద్ధి చెప్పడం కాదు, సాయం చేయడం.

బడిలో కూడా నియమం ఉన్నది. 2024 సెప్టెంబరు నుండి ఆరవ తరగతి వరకు చదివే పిల్లలు బడి ముగిసేవరకు ఫోనును మోగకుండా చేసి, కంటికి కనబడకుండా ఉంచాలి. ఏడునుండి పన్నెండు వరకు చదివేవారు ఉపాధ్యాయుల అనుమతి లేకుండా తరగతిలో వాడకూడదు.

ఆపదలో ఫోను

ఇంతవరకు ఫోనువల్ల వచ్చే ఆపదలు చెప్పుకొన్నాం. ఆపదలో ఆదుకొనేది కూడా ఫోనే. కెనడాలో పోలీసులకు, అగ్నిమాపకదళానికి, వైద్యసహాయానికి ఒకే సంఖ్య: 911. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో 112. అత్యవసర వైద్యానికి 108 కూడా ఉన్నది. ఇది 2005లో మన తెలుగునాట మొదలై తరువాత అనేక రాష్ట్రాలకు వ్యాపించింది.

పగటిపూట అమ్మానాన్నలు పనికి పోయినప్పుడు ఇంట్లో మీరు, అమ్మమ్మగారు మాత్రమే ఉండవచ్చు. అమ్మమ్మగారు కళ్లు తిరిగి పడిపోయారనుకోండి. ఆమెకు ఇంగ్లీషు రాకపోవచ్చు. అప్పుడు మాట్లాడవలసినది మీరే. ఫోనుకు తాళం వేసి ఉన్నా దానిపైనుండే 911 పిలవవచ్చును. మొదట మీరున్న చోటు చెప్పాలి: ఇంటి సంఖ్య, వీధి పేరు, ఊరు. తరువాత ఏమి జరిగిందో చెప్పాలి. వారు చాలునని చెప్పేవరకు ఫోను పెట్టవద్దు. మీ ఇంటి చిరునామా ఈ రోజే తప్పులేకుండా నేర్చుకోండి.

పొరపాటున 911 నొక్కితే భయపడి ఫోను పెట్టివేయకండి. “పొరపాటున నొక్కాను, ఆపద ఏమీ లేదు” అని చెప్పండి. మీరు మాట్లాడకుండా పెట్టివేస్తే ఆపద ఉన్నదేమోనని వారు మళ్లీ పిలవవలసి వస్తుంది. మనుషులను పంపవలసి కూడా రావచ్చు. ఆ సమయంలో నిజంగా ఆపదలో ఉన్నవారు ఎదురుచూడవలసి వస్తుంది. మరొక సంగతి: కెనడాలో నెలసరి చందా లేని పాత ఫోనునుండి కూడా 911 పోతుంది. కాబట్టి పాత ఫోనును చంటిపిల్లలకు ఆటవస్తువుగా ఇవ్వరాదు.

ప్రభుత్వం కూడా మన ఫోనులకు హెచ్చరికలు పంపుతుంది. 2022 మే 21న పెనుగాలి దక్షిణ ఒంటారియోను ఊపివేసింది. దానికి ముందు ఫోనులన్నీ పెద్దగా మోగి హెచ్చరించాయి. ఆ గాలికి పదిమందికి పైగా చనిపోయారు. మన డర్హం ప్రాంతంలోని అక్స్‌బ్రిడ్జిలో సుడిగాలి ఇళ్లను పాడుచేసింది. హెచ్చరిక మోగినప్పుడు విసుగుతో ఆపివేయక, చదివి, పెద్దలకు తెలుగులో చెప్పండి. 2020 జనవరి 12 ఉదయం మన పక్కనున్న పికరింగ్ అణువిద్యుత్ కేంద్రం గురించి ఒక హెచ్చరిక పొరపాటున వచ్చింది. దాదాపు రెండు గంటల తరువాత అది తప్పని మరొక సందేశం వచ్చింది. ఒకసారి తప్పు వచ్చిందని అన్నింటినీ తీసివేయరాదు.

ఫోను ఎంత గొప్పదైనా అది ఆగిపోయే రోజు కూడా ఉంటుంది. 2022 జూలై 8న రోజర్స్ సంస్థ వలయం పూర్తిగా నిలిచిపోయింది. లక్షలాదిమందికి ఫోను లేదు, ఇంటర్నెట్టు లేదు. అంగళ్లలో కార్డులు పనిచేయలేదు. కొందరికి 911 కూడా అందలేదు. కాబట్టి అమ్మ, నాన్నల ఫోను సంఖ్యలు ఫోనులోనే కాక మీ నోటికి కూడా వచ్చి ఉండాలి. అవసరమైతే తలుపు తట్టి సాయం అడగడానికి ఒక మంచి పొరుగిల్లు తెలిసి ఉండాలి.

పిల్లలూ! చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొని లాభం లేదని మన పెద్దలు చెబుతారు. ఈ పాఠంలోని జాగ్రత్తలలో డబ్బు ఖర్చయ్యేది చాలా తక్కువ. దిండు కిందినుండి ఫోనును బల్లమీదికి మార్చడానికి ఏమి ఖర్చు? ఈ రాత్రి పడుకొనే ముందు ఆ ఒక్క పని చేయండి. మీ ఇంట్లో ఎవరి ఫోను ఎక్కడ ఉన్నదో చూడండి. పెద్దలకు నెమ్మదిగా, ప్రేమగా చెప్పండి. వారు తప్పక వింటారు.

అభ్యాసం

1. పదాలు – అర్థాలు
కర్మాగారం – వస్తువులు తయారుచేసే చోటు
ధ్రువం – బ్యాటరీలో విద్యుత్తు వెలువడే కొన
కొదువ – తక్కువ
నాసిరకం – మంచిది కానిది
దర్యాప్తు – జరిగినదానిని గురించి విచారణ
రుజువు – నిజమని తేలడం

2. ప్రశ్నలకు జవాబులు రాయండి
(అ) లిథియం బ్యాటరీలోని పలుచని తెర చిరిగితే ఏమవుతుంది?
(ఆ) మారుప్లగ్గు ఏమి మారుస్తుంది? ఏమి మార్చదు?
(ఇ) చలిలోనుండి వచ్చిన ఫోనుకు వెంటనే ఛార్జి ఎందుకు పెట్టరాదు?
(ఈ) పవర్ బ్యాంకును సామాను పెట్టెలో ఎందుకు పెట్టకూడదు?
(ఉ) పొరపాటున 911 నొక్కితే మీరేమి చేస్తారు?

3. లెక్క చేయండి
(అ) 10,000 మిల్లీ ఆంపియర్-అవర్ల పవర్ బ్యాంకు ఎన్ని వాట్-అవర్లు?
(ఆ) 30,000 మిల్లీ ఆంపియర్-అవర్లది ఎన్ని వాట్-అవర్లు? దానిని అనుమతి లేకుండా తీసుకొనిపోవచ్చునా?

4. ఖాళీలను పూరించండి
(అ) కెనడాలో ఇంటి విద్యుత్తు ______ వోల్టులు.
(ఆ) పిల్లలు వారానికి 40 గంటలు వినదగిన ధ్వని ______ డెసిబెల్‌లు.
(ఇ) ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో అత్యవసర వైద్యానికి సంఖ్య ______.

5. ఇంటి పని
మీ ఇంట్లోని ఛార్జరులన్నింటినీ పెద్దల సమక్షంలో సాకెట్టునుండి తీసి చూడండి. దేనిమీద ఏ ముద్ర ఉన్నది, ఎన్ని వోల్టులని రాసి ఉన్నది, తీగ బాగున్నదా లేదా అని ఒక పట్టిక రాసుకొని తరగతికి తెండి. అమ్మ, నాన్నల ఫోను సంఖ్యలను, ఇంటి చిరునామాను చూడకుండా చెప్పడం నేర్చుకొని రండి.